సంతకానికి ముందు, ఎయిర్‌లైన్ ఏం పణంగా పెడుతోందో చూడండి

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ పైలట్ అవుతాననే అంటాడు. ఈమధ్య ఒక ఎయిర్‌లైన్ కేడెట్ ప్రోగ్రామ్‌కు, అంటే ఎయిర్‌లైన్ పేరుతో నడిచే పైలట్ శిక్షణకు, దరఖాస్తు చేసి, ఆప్టిట్యూడ్ పరీక్షలు, ఇంటర్వ్యూ అన్నీ దాటి ఎంపికయ్యాడు. 14 రోజుల్లో అడ్వాన్సు కట్టాలట. కట్టాక వెనక్కి ఇవ్వరు. మొత్తం ఫీజు మామూలు ఫ్లయింగ్ స్కూల్లో అయ్యేదానికి దాదాపు రెట్టింపు. అమ్మానాన్నలు ఇల్లు తనఖా పెడతామంటున్నారు. ఇంట్లో నెలజీతం వచ్చేది నాకొక్కదానికే కాబట్టి లోనుకు హామీ సంతకం నన్ను పెట్టమంటున్నారు. ట్రైనింగ్ అవ్వగానే ఉద్యోగం అని ఫోన్లో చెప్పారు. కాగితంలో మాత్రం ‘సంస్థ అవసరాలకు లోబడి’ అని ఉంది. నేను వెనకాడుతుంటే, ‘నా కలకి నువ్వే అడ్డం’ అంటున్నాడు తమ్ముడు. సంతకం పెట్టనా, వద్దా? – ఒక అక్క

సమాధానం: అమ్మా, మీరు అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను. ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితం చూసి సంతకం పెట్టకండి. మీ తమ్ముడు పైలట్ కావద్దని నేను అనడం లేదు. చాలా ఏళ్లు విమానాలు నడిపి, తర్వాత సిమ్యులేటర్‌లో, అంటే నేల మీద ఉండే నమూనా కాక్‌పిట్‌లో, కొత్తవాళ్లకు నేర్పినవాణ్ణి. ఈ పనంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అంత పరీక్షలు దాటి ఎంపికయ్యాడంటే మీవాడిలో సరుకుంది, అందులో సందేహం లేదు. నాకున్న సందేహమంతా ఆ కాగితం మీదే.

మీరు కట్టబోయే డబ్బుకు రెండు వస్తువులు కొంటున్నామని మీ ఇంట్లో అనుకుంటున్నారు. ఒకటి శిక్షణ, రెండోది సీటు. శిక్షణ సంగతి తేలిక. అది ఎక్కడైనా దాదాపు ఒకే కొలత. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐసీఏఓ, పెట్టిన కనీస లెక్క ప్రకారం కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు గాల్లో ఉండాలి. ఆమోదం పొందిన కోర్సులో ఏకబిగిన చదివితే 150 చాలు. దాని మీద రేటింగులు, అంటే లైసెన్సుకు చేర్చే అదనపు అనుమతులు: బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలు చూసి నడపడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, రెండింజన్ల రేటింగ్, ఆ తర్వాత ఏ రకం విమానం నడపాలో దాని టైప్ రేటింగ్. మామూలు స్కూల్లో చదివినా వచ్చేవి ఇవే. మరి మీ దగ్గర అడుగుతున్న రెండో సగం దేనికి? సీటుకి. ఆ సీటు మీకు అమ్మారా అన్నదే ప్రశ్న. ‘అవసరాలకు లోబడి’ అని రాశారంటే అమ్మలేదు. అవసరం ఉంటే పిలుస్తాం, లేకపోతే లేదు అని వాళ్లు చాలా నిజాయితీగానే రాసి ఇచ్చారు. ఫోన్లో మాట్లాడిన మనిషి మాటకి కాగితం ముందు విలువ లేదు.

ఇలాంటి ఉత్తరాలు వచ్చినప్పుడల్లా నేను మొదట వెతికేది ఒక్కటే: ఈ బేరంలో ఎయిర్‌లైన్ తన డబ్బు ఎంత పెడుతోంది? ఎందుకంటే రాబోయే మూడేళ్లలో ఎన్ని విమానాలు డెలివరీకి వస్తాయో, ఏ రూట్లు తెరుస్తారో, ఎంతమంది కెప్టెన్లు రిటైరవుతారో వాళ్లకు తెలుసు. మీకు తెలియదు, మీ బ్యాంకుకూ తెలియదు. అన్నీ తెలిసినవాళ్లు రూపాయి పెట్టకుండా, ఏమీ తెలియనివాళ్లు ఇల్లు పెడుతున్నారంటే ఆ బేరం ఎటు ఒరిగిందో చూడండి. పైలట్లు నిజంగా కావాలనుకున్నప్పుడు ఎయిర్‌లైన్లు జేబులోంచి తీస్తాయి. 2023లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ శిక్షణ ఖర్చంతా తానే భరించే కేడెట్ పథకం తెచ్చింది. వేలమంది పోటీపడే ఆ కొద్ది సీట్లు మీవాడికి దొరుకుతాయని చెప్పడానికి ఈ మాట ఎత్తలేదు. సొంత డబ్బు పెట్టిన సంస్థ ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టకపోతే తనే నష్టపోతుంది. మీ కాగితంలో అలాంటి నష్టం వాళ్లకి ఎక్కడైనా ఉందా? మొత్తం ఖర్చు పెట్టక్కర్లేదు. టైప్ రేటింగ్ ఖర్చు భరించినా, ఉద్యోగం ఇవ్వలేకపోతే ఇంత వెనక్కి ఇస్తామని రాసినా, లోనుకు వాళ్లు హామీ ఉన్నా నేను వేరే జవాబు రాసేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా చూడండి. బ్రోషర్ మీద ఎయిర్‌లైన్ బొమ్మ ఉంటుంది. ఒప్పందం మీద సంతకం మాత్రం చాలాసార్లు శిక్షణ సంస్థది. అలాగైతే రేపు ఉద్యోగం రాలేదని ఎయిర్‌లైన్‌ను అడిగే హక్కు కూడా మీకు ఉండదు. స్కూలేమో నేర్పిస్తానన్నాను, నేర్పించాను అంటుంది. ఆఖరి పేజీ తీసి ఎవరెవరి సంతకాలకు చోటు ఉందో లెక్కపెట్టండి.

అవసరం ఎందుకు ఉండదు, రోజూ కొత్త విమానాల ఆర్డర్ల వార్తలే కదా అంటాడు మీ తమ్ముడు. నిజమే. కానీ ఈ వృత్తిలో అలలు చాలా పెద్దవి. 2019లో ప్రపంచం మొత్తమ్మీద 450 కోట్ల మంది విమానమెక్కితే 2020లో ఎక్కింది 180 కోట్ల మంది. ఆ ఏడాది లైసెన్సు చేతికొచ్చినవాళ్లు ఏం తప్పు చేశారు? అంత పెద్ద విపత్తే రానక్కర్లేదు. 2023లో ఒక రకం ఇంజన్లలో, భాగాలు తయారుచేసే లోహపు పొడిలో లోపం బయటపడింది. తనిఖీల కోసం ఇంజన్లు విప్పాల్సి వచ్చి ఎన్నో దేశాల్లో ఎయిర్‌బస్ ఏ320 నియో విమానాలు నెలల తరబడి నేల మీదే ఉండిపోయాయి. విమానం ఎగరకపోతే కొత్త కో-పైలట్‌తో పనేముంది? ఇక సంస్థలే మూతపడటం ఉండనే ఉంది. 2017లో మోనార్క్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, అదే ఏడాది థామస్ కుక్, 2020 మార్చిలో ఫ్లైబీ. ఒక ఎయిర్‌లైన్ ఆగిపోయినప్పుడు దాని కేడెట్లే కాదు, మిగతా సంస్థల గుమ్మాల దగ్గర నిలబడ్డ కేడెట్లందరూ వెనక్కి జరుగుతారు. వేల గంటల అనుభవం, టైప్ రేటింగ్ చేతిలో ఉన్నవాళ్లు వరసలో ముందుకొస్తారు కదా.

శిక్షణ మొదలుపెట్టిన రోజుకీ ఉద్యోగం కోసం నిలబడే రోజుకీ మధ్య రెండేళ్లు ఉంటుంది. వాతావరణం బాగోక, విమానాలు రిపేరులో ఉండి, పరీక్షల తేదీలు దొరక్క ఆ రెండేళ్లు ఇంకొంచెం సాగుతాయి కూడా. ఈరోజు బాగుందని చేరతాం, ఇంకో రోజు బయటికొస్తాం. ఆ ఇంకో రోజు ఎలా ఉంటుందో చెప్పగలిగినవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు.

నా దగ్గరికి సిమ్యులేటర్‌లో చెయ్యి మళ్లీ కుదుర్చుకోవడానికి ఒక అబ్బాయి వచ్చేవాడు. లైసెన్సు వచ్చి మూడేళ్లు, ఉద్యోగం లేదు. మంచి కుర్రాడు, తెలివైనవాడు. మబ్బులో రన్‌వే వైపు దిగే అప్రోచ్ ఇచ్చాను. పైలట్ చూపు ఒక్కచోట ఆగకూడదు, పరికరాల మీద ఒకదాని నుంచి ఒకదానికి తిరుగుతూనే ఉండాలి. ఆ చూపు అతనికి పోయింది. ఎత్తు చూస్తూ ఉండిపోతే వేగం జారింది, వేగం పట్టుకుంటే దిశ తప్పింది. మూడోసారి విఫలమయ్యాక స్క్రీన్ ఆపమన్నాడు. ఆరు నెలలుగా గంటకి ఇంత అని కట్టి వస్తున్నాడనీ, ఆ డబ్బు వాళ్ల నాన్న రిటైరైనప్పుడు వచ్చిందనీ అప్పుడు చెప్పాడు. అతనికి తర్వాత ఉద్యోగం వచ్చింది, సంతోషమే. కానీ ఆ మూడేళ్ల లెక్కను ఏ బ్రోషర్లోనూ రాయరు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, టైప్ రేటింగ్ చాలా దేశాల్లో ఏడాదికే చెల్లుతాయి. ఉద్యోగం లేకపోయినా వాటిని బతికించుకోవాలంటే ఏటా డబ్బు పోయాలి. అందుకే ఉద్యోగం చేతికి రాకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయించడమంటే నాకు భయం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది.

అప్పు లెక్క మీరే స్వయంగా వేయండి, బ్యాంకు వాళ్లు వేసిచ్చింది చూసి ఊరుకోకండి. చదువుతున్నంతకాలం వాయిదాలు ఉండవు అంటారు. వడ్డీ ఉంటుంది, అసలులో కలుస్తుంది. ఏడాదికి 10 శాతం చక్రవడ్డీ అనుకుంటే, ఈరోజు తీసుకున్న 100 రెండేళ్లకు 121 అవుతుంది. ఆపైన ఇంకో రెండేళ్లు ఉద్యోగం రాక ఏమీ కట్టలేకపోతే 146 దాటుతుంది. ఆ వాయిదా ఎంతో లెక్కకట్టి, దాన్ని మీ ఒక్క జీతంలోంచి తీసేసి, మిగిలినదాంట్లో నలుగురు రెండేళ్లు బతకగలరా చూడండి. బతకగలిగితే ఆలోచించవచ్చు. లేకపోతే ఇంక మిగతావేవీ చూడక్కర్లేదు. మీవాడు ఎంత బాగా నడుపుతాడన్నది ఈ లెక్కలోకి రాదు. అన్నీ సవ్యంగా చేసినవాడు కూడా రెండేళ్లు ఖాళీగా కూర్చోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, మెడికల్, అంటే పైలట్ల ఆరోగ్య పరీక్ష, ఒక ఎత్తు. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, అది నన్ను చాలా కలవరపెట్టింది. ఎంపిక ముందు, మెడికల్ తర్వాత అనే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. మీరు మాత్రం తలకిందులు చేయండి. ఒక్క పైసా కట్టకముందే కమర్షియల్ పైలట్లకు కావలసిన క్లాస్ 1 మెడికల్ చేయించండి. ఈసీజీ, వినికిడి, రంగులు గుర్తుపట్టడం, రక్తపోటు, పాత జబ్బుల చరిత్ర అన్నీ చూస్తారు. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరని చాలామంది బెంగపడతారు, అది అపోహ. అద్దాలతో ప్రతి కంటికీ 6/9, రెండూ కలిపి 6/6 వస్తే ఐసీఏఓ ప్రమాణం ప్రకారం సరిపోతుంది. కానీ ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని కుర్రాడు ఆ సంగతి తనకే తెలియకుండా 19 ఏళ్లు బతికేయగలడు. చుక్కల్లో అంకెలు చదివే ఇషిహారా పలకల ముందు కూర్చున్నాకే బయటపడుతుంది. అడ్వాన్సు కట్టాక బయటపడితే ఆ ఇంటి పరిస్థితి ఊహించండి. మెడికల్ దాటాక కూడా అది ఏటా మళ్లీ చేయించుకోవాల్సిందే, 60 దాటితే ఆరు నెలలకోసారి. కోర్సు మధ్యలో ఆరోగ్యం అడ్డుపడితే కట్టిన డబ్బు ఏమవుతుందో, అప్పుకు బీమా ఉందో లేదో అడిగి రాయించుకోండి.

ఏ లైసెన్సు ఇస్తారో కూడా అడగండి. ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. 2006లో వచ్చిన ఎంపీఎల్ (మల్టీ-క్రూ పైలట్ లైసెన్స్) అనే లైసెన్సు మొదటి రోజు నుంచీ ఇద్దరు పైలట్ల విమానానికి తయారుచేస్తుంది. కనీసం 240 గంటల శిక్షణ, అందులో చాలా భాగం సిమ్యులేటర్‌లోనే. శిక్షణగా చూస్తే మంచి పద్ధతి, నేను నేర్పినవాళ్లలో ఎంపీఎల్ పిల్లలు బాగానే నడిపారు. చిక్కు వేరేచోట ఉంది. అది ఒక ఎయిర్‌లైన్ పద్ధతికి కొలిచి కుట్టిన చొక్కా. ఆ ఎయిర్‌లైన్ వద్దంటే వేరేవాళ్లు తీసుకోవడం కష్టం, ఒంటరిగా చిన్న విమానం నడిపి గంటలు పెంచుకోవడానికీ, ఇన్‌స్ట్రక్టర్‌గా చేరడానికీ ఆ ఒక్క లైసెన్సు చాలదు. ఉద్యోగానికి గట్టి హామీ లేకుండా ఎంపీఎల్ అయితే అసలు ఒప్పుకోవద్దు. మామూలు కమర్షియల్ లైసెన్సు అయితే కనీసం నాలుగు తలుపులు తట్టవచ్చు. శిక్షణ పరాయి దేశంలో అయితే తిరిగొచ్చాక ఆ లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవడానికి ఏ పరీక్షలు, ఎన్ని గంటలు, ఎంత ఖర్చో, అది ఫీజులో చేరిందో లేదో కూడా తేల్చుకోండి.

డబ్బు కట్టే తీరు మీద ఒక్క మాట. మొత్తం ముందే కట్టమంటే ఏ స్కూల్లోనైనా వద్దు. 2008 ఫిబ్రవరిలో అమెరికాలో సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద శిక్షణ సంస్థ రాత్రికి రాత్రి మూతపడింది. చదువు సగంలో ఆగిపోయిన విద్యార్థుల మెడకు అప్పు మాత్రం మిగిలింది. ఒక దశ పూర్తయ్యాక తర్వాతి దశకు కట్టే పద్ధతిలోనే సాగండి. పరీక్ష తప్పితే అదనపు గంటలకు రేటెంతో, ఎన్నిసార్లు తప్పితే పంపేస్తారో, పంపేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద ఉండాలి. ఇంటికి వెళ్లిపొమ్మన్నప్పుడు ఆ కుర్రాడి చేతిలో కనీసం జీతం లేకుండా సొంతంగా నడుపుకునే ప్రైవేటు లైసెన్సైనా ఉంటుందా, ఎగిరిన గంటలు రాసుకునే ఉత్త లాగ్‌బుక్కేనా?

కేడెట్ పద్ధతి అంటేనే నాకు పడదని అనుకోకండి. బాగా నడిచే ప్రోగ్రామ్‌లో చదివిన పిల్లలకూ, అక్కడో స్కూలు ఇక్కడో స్కూలు తిరిగి గంటలు పోగేసుకున్న పిల్లలకూ తేడా సిమ్యులేటర్‌లో నాకు పది నిమిషాల్లో తెలిసిపోయేది. చెక్‌లిస్టు చదివే తీరు, పక్క సీటులో మనిషితో పని పంచుకునే తీరు, తప్పు జరిగినప్పుడు గొంతు మారకుండా చెప్పే తీరు వాళ్లకి ముందే అలవాటై ఉండేవి. రిక్రూట్‌మెంట్ తెరిచినప్పుడు ఎయిర్‌లైన్ ముందు తన కేడెట్లనే పిలుస్తుంది, అదీ నిజం. ఇంకా ఒకటుంది. చాలా సంస్థల్లో కెప్టెన్ అవకాశం, రూట్లు, సెలవులు సీనియారిటీ నంబరు మీద నడుస్తాయి. రెండేళ్లు ముందు చేరినవాడు ఆ రెండేళ్ల లాభం రిటైరయ్యేదాకా తింటాడు. మీ తమ్ముడి తొందరలో ఇంత అర్థం ఉందని మీకు తెలియాలి. ఆ లాభానికి ఎంత కట్టవచ్చు అన్నదే మన మాట. ఇల్లు మాత్రం కాదు.

మరి సంతకం పెట్టకపోతే ఏం చేయాలి? మామూలు స్కూల్లో దశలవారీగా చదివే దారి ఉంది. ముందు ప్రైవేటు లైసెన్సు, దాని మీద గంటలు, తర్వాత కమర్షియల్. ఎక్కడ డబ్బు అయిపోతే అక్కడ ఆగి, సంపాదించుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు. నాకు తెలిసిన ఒకమ్మాయి ఇలాగే ఐదేళ్లలో లైసెన్సు పూర్తి చేసింది, మధ్యలో ఫ్లయింగ్ స్కూల్లో ఆఫీసు పని చేసింది, తర్వాత అక్కడే ఇన్‌స్ట్రక్టర్ అయింది. ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకి వెళ్లేనాటికి అప్పు దాదాపు లేదు. అమెరికాలో ఈ దారే మామూలు. 2009లో అక్కడి కోల్గన్ ఎయిర్ అనే సంస్థ విమానం కూలిన ప్రమాదం తర్వాత వచ్చిన చట్టం వల్ల 2013 నుంచి అక్కడ కో-పైలట్‌కు కూడా సాధారణంగా 1,500 గంటలు ఉండాలి. అందుకని ఎక్కువమంది లైసెన్సు వచ్చాక కొత్తవాళ్లకు నేర్పుతూనే గంటలు పెంచుకుంటారు. ఈ దారి నిదానం, మధ్యలో మనసు విరిగేవాళ్లూ ఉంటారు. దీన్లోనూ ఉద్యోగానికి హామీ లేదు. కానీ ఇక్కడ హామీ లేనిదానికి రెట్టింపు కట్టడం లేదు, అదీ తేడా.

ఈ 14 రోజుల్లో చేయాల్సిన పని ఇది. క్లాస్ 1 మెడికల్‌కు తేదీ తీసుకోండి. ఒప్పందం మొత్తం, అనుబంధాలతో సహా తెప్పించి, మీ తరఫున ఒక లాయరుకు చూపించండి. ‘మెడికల్ రిపోర్టు వచ్చి, ఒప్పందం చదివించుకున్నాక అడ్వాన్సు కడతాం, గడువు పెంచండి’ అని రాతపూర్వకంగా అడగండి. ఫోన్ వద్దు, మెయిల్ పెట్టండి. ఇంకో ప్రశ్న కూడా అందులోనే అడగండి: గత మూడు బ్యాచ్‌లలో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, వాళ్లలో ఈరోజు మీ విమానాల్లో ఎగురుతున్నది ఎంతమంది, లైసెన్సుకూ మొదటి జీతానికీ మధ్య ఎన్ని నెలలు పట్టింది? లెక్క చెప్పగలిగిన సంస్థ చెబుతుంది. వీలైతే ఆ బ్యాచ్‌ల పిల్లలతో మీ తమ్ముడే స్వయంగా మాట్లాడాలి, సంస్థ చూపించినవాళ్లతో కాదు, తను వెతికి పట్టుకున్నవాళ్లతో. గడువు పెంచం, సీటు పోతుంది అని మాత్రమే జవాబొస్తే పోనివ్వండి.

ఇక మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట, ‘నా కలకి నువ్వే అడ్డం’ అన్నది. 19 ఏళ్లవాడికి రెండేళ్లంటే జన్మంత కనిపిస్తుంది. అంతర్జాతీయ ఎయిర్‌లైన్ పైలట్లకు ఐసీఏఓ పెట్టిన వయోపరిమితి 65. అతని ముందు ఇంకా 46 ఏళ్లున్నాయి. ఇది చెప్పి ఊరుకోమని కాదు, చెప్పినా వినడు. వద్దు అనే మాటతో మొదలుపెట్టకండి. ఈ లెక్కలన్నీ ముందేసుకుని అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని వేయించండి. వాయిదా ఎంతో అతని చేత్తోనే రాయించండి. ఒప్పందంలోని ‘అవసరాలకు లోబడి’ అన్న వాక్యం అతన్నే పైకి చదవమనండి. పైలట్ చేసే పని ఇదే. బయలుదేరేముందు గమ్యం వాతావరణం బాగోకపోతే ఎక్కడ దిగాలో, దానికి ఇంధనం ఉందో లేదో చూసుకోకుండా ఏ కెప్టెనూ తలుపు మూయనివ్వడు. ఆ లెక్క ఒప్పుకోని కుర్రాణ్ణి నేనైతే సిమ్యులేటర్‌లో పాస్ చేయను. ఆ లెక్క తనే వేసి, ‘అక్కా, ఇది కుదరదు, ముందు మెడికల్ చేయించుకుంటా, ప్రైవేటు లైసెన్సుతో మొదలుపెడతా’ అని వస్తే, ఆ మొదటి దశ ఫీజుకు మాత్రం మీ జీతంలోంచి ఎంత వీలైతే అంత ఇవ్వండి. అప్పుగా కాదు, అక్కగా.

మెడికల్ రిపోర్టు, సంస్థ ఇచ్చిన జవాబు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. ఒప్పందంలో అర్థంకాని షరతులుంటే ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాయండి, కలిసి చదువుదాం.